మన పద్దు, పక్కవాడి పద్దు

తాగుడు గురించి మాట్లాడుకునేటప్పుడు మనకు సాధారణంగా రెండు పక్షాలే కనిపిస్తాయి. ఒక పక్క వ్యసనంలో పడ్డ మనిషి, మరో పక్క అతన్ని చూసి మొహం చిట్లించే లోకం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. లోకం తీర్పు అంత తొందరగా వస్తుంది. దాని గురించి చాలామంది చెప్పారు. ఈ పూట నేను మాట్లాడదలచింది అంతగా చర్చకు రాని సంగతి: మానుకున్నవాళ్ళు, మానుకోవాలని చూస్తున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకునే తీర్పులు. బయటివాళ్ళకు తెలియదు గానీ ఆ లోకంలోనూ మెట్లున్నాయి. బీరుతో ఆగినవాడికి బ్రాందీ తాగినవాడు లోకువ. ఇంట్లో తలుపేసుకుని తాగినవాడికి బెల్టు షాపు ముందు పడిపోయినవాడు లోకువ. తాగినవాళ్ళందరికీ గంజాయివాడు లోకువ, గంజాయివాడికి సూది పొడుచుకునేవాడు లోకువ. పట్టుదలతో మానేశానని చెప్పుకునేవాడు మాత్రలతో మానినవాడిని చూసి పెదవి విరుస్తాడు. రెండేళ్ళుగా చుక్క ముట్టనివాడికి నిన్న మళ్ళీ ముట్టినవాడి పక్కన కుర్చీలో కూర్చోవాలంటే మనసొప్పదు. ఈ తీర్పుల వల్ల ఎదుటివాడు నొచ్చుకుంటాడన్నది నిజమే. అయితే నేను చెప్పదలచింది అంతకంటే కొంచెం ముందుకు వెళ్తుంది. కోలుకునే దారిలో ఉన్న మనిషి పక్కవాడి మీద తీర్పు చెప్పిన ప్రతిసారీ తను కోలుకోవడానికే ఎసరు పెట్టుకుంటున్నాడు. కనుక ఆ అలవాటు వదులుకోవడం దయాగుణం చూపించడం కాదు, తన చికిత్సలో ఒక భాగం.

ఈ తీర్పు ఎక్కడినుంచి వస్తుందో ముందు చూద్దాం. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూ కొన్ని, వ్యతిరేకిస్తూ కొన్ని వ్యాసాలు కొందరిచేత చదివించి, రాసినవాళ్ళ అసలు అభిప్రాయం ఏమై ఉంటుందో చెప్పమన్నారు. ఏ పక్షాన రాయాలో రచయితలకు ముందే పురమాయించారనీ, వాళ్ళ ఇష్టంతో పని లేదనీ తెలిసినా కూడా, చదివినవాళ్ళు రాతను బట్టే రాసినవాడి మనసును అంచనా కట్టారు. పదేళ్ళ తర్వాత లీ రాస్ అనే శాస్త్రవేత్త ఈ ధోరణికి ఒక పేరు పెట్టాడు. తెలుగులో ఆపాదన దోషం అనుకోవచ్చు. ఎదుటివాడు చేసిన పనికి కారణం అతని స్వభావంలో వెతుకుతాం, అతను ఇరుక్కున్న పరిస్థితిని చూడం. మన విషయానికి వచ్చేసరికి పరిస్థితులు వరసగా గుర్తొస్తాయి. తాగుడు మానిన మనిషి తను మునుపు ఎలా తాగాడో చెప్పమంటే వ్యాపారం దెబ్బతిన్న సంగతి చెబుతాడు, రాత్రి డ్యూటీల సంగతి చెబుతాడు, నాన్న పోయిన సంగతి చెబుతాడు. అవన్నీ నిజాలే. అదే మనిషి పక్కవాడు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాడని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, వాడికి బుద్ధి లేదని.

బుద్ధి లేకపోవడమే అసలు కారణమైతే లెక్కలు వేరేగా ఉండాలి. కవల పిల్లల మీద, దత్తత వెళ్ళిన పిల్లల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల సారం ఏమంటే, మద్యానికి బానిస అయ్యే ముప్పులో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదే. మిగతా సగంలో ఇల్లు, వీధి, స్నేహాలు, సరుకు దొరికే తీరు అన్నీ కలిసి ఉంటాయి. పరిస్థితి ఎంత బలమైనదో చూపించిన ఉదాహరణ వియత్నాం యుద్ధం నుంచి వచ్చింది. 1971లో అక్కడినుంచి ఇళ్ళకు తిరిగివచ్చిన అమెరికన్ సైనికుల్ని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించింది. అక్కడ ఉండగా సుమారు 20 శాతం మంది హెరాయిన్ లాంటి మత్తుకు బానిసలయ్యారు. ఇంటికి వచ్చాక మొదటి ఏడాదిలో, ఆ బానిసలైనవాళ్ళలో మళ్ళీ అదే స్థితికి వెళ్ళినవాళ్ళు 5 శాతమే. ఏడాదిలో వాళ్ళ శీలం మారిపోలేదు. మారింది చుట్టూ ఉన్న లోకం. యుద్ధం లేదు, భయం లేదు, పొట్లం చేతికందేంత దగ్గర లేదు. ఇప్పుడు మన దగ్గర సంగతి చూడండి. వ్యసన విముక్తి కేంద్రంలో నెల రోజులుండి వచ్చిన మనిషి అదే వీధికి, అదే అప్పులకు, అదే మలుపులో ఉన్న అదే దుకాణం ముందుకు తిరిగి వస్తాడు. అతను జారితే గుణం చెడ్డదనే ముందు అతను ఎక్కడికి తిరిగి వెళ్ళాడో అడగాలి కదా.

మన నేల మీది ఉదాహరణ ఇంకా దగ్గరది. తెలంగాణలో చాలా చోట్ల కల్లు పేరుతో అమ్మేదాంట్లో అల్ప్రాజోలం, డైజీపాం లాంటి మత్తు మందులు కలుపుతారన్నది కొత్త విషయం కాదు. 2015లో కల్తీ మీద అధికారులు గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో ఆ సరఫరా హఠాత్తుగా ఆగిపోయింది. రోజూ తాగేవాళ్ళు ఆస్పత్రుల పాలయ్యారు. ఒళ్ళంతా వణుకు, ఫిట్స్, నిద్ర పట్టకపోవడం, లేనివాళ్ళు కనిపించినట్టు మాట్లాడడం. చూసినవాళ్ళు కల్లు లేక పిచ్చెక్కిందన్నారు. జరిగింది వేరు. పొలం పని చేసి సాయంత్రం ఒక సీసా కల్లు తాగే మనిషి, తనకు తెలియకుండానే, డాక్టరు చీటీ మీద కొలిచి ఇవ్వాల్సిన మందుకు ఏళ్ళ తరబడి అలవాటు పడ్డాడు. అలాంటి మందును ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణానికే ముప్పు. ఏం తాగుతున్నాడో తాగేవాడికే తెలియనప్పుడు, బయటినుంచి చూసేవాడు ఇచ్చే తీర్పుకు ఆధారం ఏముంది? పక్కవాడి గ్లాసులో ఏముందో, ఒంట్లో ఏముందో, ఇంట్లో ఏముందో మనకు తెలిసేది చాలా తక్కువ. తీర్పు చెప్పే గొంతు మాత్రం అంతా తెలిసినట్టే పలుకుతుంది.

తెలియకపోవడం ఒక కారణమైతే, భయం రెండో కారణం. తన విలువ మీద తనకే అనుమానం వచ్చినప్పుడు మనిషి తనకంటే కింద ఉన్నవాళ్ళను వెతుక్కుంటాడని 1981లో థామస్ విల్స్ అనే శాస్త్రవేత్త వివరించాడు. కొత్తగా మానినవాడికి ఆ అనుమానం ఎంత గట్టిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పోగొట్టుకున్న ఉద్యోగం, అమ్మిన నగలు, మాట్లాడని పిల్లలు, అన్నీ కళ్ళముందే ఉంటాయి. అలాంటప్పుడు 'నేను మరీ వాడంత కాదు' అనుకోవడం కాస్త ఊరట. ఆ ఊరటలోనే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఆ మాట కొత్తది కాదు. తాగే రోజుల్లో అతన్ని డాక్టరు దగ్గరకు పోనివ్వకుండా ఆపింది ఆ మాటే. 'నేను పొద్దున్నే మొదలుపెట్టే రకం కాదు, రోడ్డు మీద పడే రకం కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానగలను' అని ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు. మానిన తర్వాత అదే వాక్యం మంచివాడి వేషంలో తిరిగి వచ్చింది. మళ్ళీ తాగినవాణ్ణి తనకు సంబంధం లేని జాతిగా చూసినవాడు తనకు ఆ ముప్పు లేదని నమ్మడం మొదలుపెడతాడు. నమ్మాక జాగ్రత్తలు ఒక్కొక్కటే సడలుతాయి. పెళ్ళిలో మందు పార్టీ నడుస్తున్న గదిలోకి వెళ్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. మానినవాళ్ళ సమావేశానికి ఈ వారం వెళ్ళకపోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది.

ఒకవేళ జారాడనుకోండి, అప్పుడు ఆ తీర్పు తిరగబడుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలాన్ మార్లాట్ ఈ ఘట్టాన్ని దగ్గరగా పరిశీలించాడు. మానిన మనిషి ఒక గ్లాసు తాగడం ఒక దశ, ఆ గ్లాసు నుంచి పాత తాగుడులోకి పూర్తిగా వెళ్ళిపోవడం వేరే దశ. ఒకదానికీ రెండోదానికీ మధ్య ఏం జరుగుతుందో చూస్తే, అక్కడ ఎక్కువగా పనిచేసేది ఆ మనిషి తన మీద తాను చెప్పుకునే తీర్పు అని అతను తేల్చాడు. 'ఆ పూట పొరపాటున తాగాను, ఎందుకు జరిగిందో చూసుకోవాలి' అనుకున్నవాడు తేరుకునే అవకాశం ఎక్కువ. 'నేనింతే, నా బతుకింతే, ఇక దాచేదేముంది' అనుకున్నవాడు సీసా ఖాళీ చేస్తాడు. ఇప్పుడు ఆలోచించండి. రెండేళ్ళుగా పక్కవాడు జారినప్పుడల్లా 'వాడింతే' అంటూ వచ్చిన మనిషికి, తన వంతు వచ్చినరోజు తన గురించి చెప్పుకోవడానికి వేరే మాట ఎక్కడ దొరుకుతుంది? పక్కవాడి కోసం తయారు చేసిన కొలమానమే అతని చేతిలో మిగిలి ఉంటుంది. పైగా తను చిన్నచూపు చూసినవాళ్ళ ముందుకు వెళ్ళి జరిగింది చెప్పుకోలేడు. దాస్తాడు. దాచినవాడికి సాయం అందదు.

ఇందుకు ఎదురు ఉదాహరణ వ్యసన విముక్తి చరిత్రలోనే ఉంది. 1935 మే నెలలో న్యూయార్కుకు చెందిన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఒహైయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణానికి వెళ్ళాడు. తాగుడు మాని ఐదు నెలలైంది. ఆ ఐదు నెలలూ కనిపించిన ప్రతి తాగుబోతుకూ బోధలు చేశాడు, ఒక్కడూ మానలేదు. ఉపదేశం ఆపి నీ జబ్బు గురించి చెప్పమని అతని డాక్టరు విలియం సిల్క్‌వర్త్ సలహా ఇచ్చాడు. ఆక్రన్‌లో పని బెడిసికొట్టింది. మేఫ్లవర్ హోటల్లో ఒంటరిగా నిలబడితే, ఒక పక్క బార్ నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. తనను తాను కాపాడుకోవాలంటే తనలాంటి ఇంకో మనిషితో మాట్లాడాలని తోచి, చర్చిల జాబితా చూసి ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కంటే ఎక్కువ కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి మాట్లాడాడు, ఎందుకంటే వచ్చినవాడు నీతులు చెప్పకుండా తన కథ చెప్పుకున్నాడు. డాక్టర్ బాబ్ మానేశాడు. కొద్ది వారాలకే వైద్యుల సమావేశానికని అట్లాంటిక్ సిటీకి వెళ్తూ మళ్ళీ తాగాడు, ఒళ్ళు తెలియకుండా తిరిగి వచ్చాడు. బిల్ తలుపు వెయ్యలేదు. పక్కనే ఉండి తేరుకునేదాకా చూసుకున్నాడు. ఆపరేషన్ చెయ్యాల్సిన రోజు పొద్దున చేతులు వణకకుండా అతనికి ఒక బీరు కూడా తనే ఇచ్చాడు. ఆ ఇద్దరితో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ లెక్కలో డాక్టర్ బాబ్ చివరి తాగుడు అదే. ఆ రోజును, 1935 జూన్ 10ని, ఆ సంస్థ తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. 1950లో చనిపోయేదాకా డాక్టర్ బాబ్ మళ్ళీ తాగలేదు. వేలమంది తాగుడు రోగులకు వైద్యం చేశాడు. ఆ జూన్‌లో అతను జారినప్పుడు 'వీడు మారడు' అని బిల్ తేల్చేసి ఉంటే, ఆ సంస్థకు రెండో సభ్యుడే ఉండేవాడు కాదు.

అలాగని ఆ సంస్థకు తీర్పులు అంటలేదని కాదు. మొదటి రోజుల్లో ఒక్కో బృందం ఒక్కో నిబంధన పెట్టుకుంది. ఫలానావాళ్ళను రానివ్వకూడదు, ఫలానారకంవాళ్ళు చేరితే పేరు పోతుంది అని. ఒక దశలో కేంద్ర కార్యాలయం ఆ నిబంధనలన్నీ తెప్పించి ఒకచోట చేర్చి చూస్తే, అవన్నీ అన్నిచోట్లా అమలైతే ఎవరూ సభ్యులు కాలేరని తేలిందట. ఈ సంగతి 1953లో వాళ్ళే అచ్చువేసుకున్న పుస్తకంలో ఉంది. చివరికి ఒక్క షరతే మిగిలింది, తాగుడు మానాలన్న కోరిక. ఎంత తాగావు, ఏం తాగావు, ఎన్నిసార్లు జారావు అన్న ప్రశ్న లేదు. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో అలాంటి సమావేశం జరుగుతుంటే ఆ షరతు ఎలా పనిచేస్తుందో చూడవచ్చు. గుండ్రంగా వేసిన కుర్చీలు. మొదటి పేరు ఒక్కటి చెప్పి ఒకరు మాట్లాడతారు. మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు, తప్పు పట్టరు. అయిపోయాక తర్వాతివాళ్ళు తమ సంగతి చెప్పుకుంటారు తప్ప ముందువాళ్ళ మాట మీద వ్యాఖ్యానించరు. కోలుకోవడానికి ఆ సంస్థ చెప్పే పన్నెండు మెట్లలో నాలుగోది కూడా ఇదే చెబుతుంది: పద్దు రాసుకో, నీది మాత్రమే రాసుకో. దుకాణం నడిపేవాడు రాత్రిపూట తన సరుకు లెక్క మానేసి ఎదురు దుకాణం సరుకు లెక్కపెడుతూ కూర్చుంటే అతని వ్యాపారం ఏమవుతుందో మనకు తెలుసు.

దీనికి సరిగ్గా వ్యతిరేక దారి కూడా చరిత్రలో ఒకరు తొక్కి చూశారు. 1958లో చార్లెస్ డెడెరిక్ అనే మాజీ తాగుబోతు కాలిఫోర్నియాలో సినానన్ అనే సంస్థ పెట్టాడు. మాదకద్రవ్యాలకు బానిసలైనవాళ్ళు కలిసి బతికే చోటు అది. అక్కడి ముఖ్యమైన చికిత్సకు 'ఆట' అని పేరు. కొందరు చుట్టూ కూర్చుని ఒకరిని మధ్యలో పెట్టి, అతని అబద్ధాలు, అతని బలహీనతలు, అతని నడవడి ఎత్తిచూపుతూ గంటల తరబడి అరిచేవారు, తిట్టేవారు. నిజం నిర్దాక్షిణ్యంగా చెబితేనే మనిషి మారతాడన్నది వాళ్ళ సిద్ధాంతం. మొదట్లో పత్రికలు మెచ్చుకున్నాయి, ప్రముఖులు వచ్చి చూసిపోయారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అది హింసకు అలవాటుపడ్డ ముఠాగా మారింది. 1978లో తమ మీద కేసు వాదించిన లాయరు ఇంటి ఉత్తరాల పెట్టెలో దాని మనుషులు విషసర్పాన్ని పెట్టారు. ఆ కేసులో పోలీసులు డెడెరిక్‌ను అరెస్టు చేయడానికి వెళ్ళేసరికి అతను తప్పతాగి ఉన్నాడు. రెండు దశాబ్దాలు ఇతరుల లోపాలు ఎంచడాన్నే చికిత్స అన్న మనిషికి తన లోపం చూసుకునే సాధనం ఏదీ చేతిలో లేకపోయింది. సినానన్ పోయినా ఆ ఆలోచన పోలేదు. మన దేశంలోనూ కొన్ని ప్రైవేటు కేంద్రాల్లో తిట్టడం, కొట్టడం, గొలుసులతో కట్టెయ్యడం గురించి వార్తలు వస్తూనే ఉంటాయి. ఆ పని చేసేవాళ్ళలో ఒకప్పుడు అలాంటి దెబ్బలే తిని మానినవాళ్ళూ ఉంటారు. ఒకటి గుర్తు పెట్టుకోవాలి, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని స్పష్టంగా చెప్పింది.

ఇక్కడ వినేవాళ్ళలో కొందరికి ఒక అభ్యంతరం తోచి ఉంటుంది. నలుగురిలో సిగ్గు పడితేనే కదా మనిషి మారేది, గట్టిగా అనకపోతే ఎలా దారికొస్తాడు అని. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు, ఎందుకంటే ఒకరి చీవాట్లతో కళ్ళు తెరుచుకున్నాయని చెప్పేవాళ్ళు నిజంగానే ఉన్నారు. అయితే అలా మారినవాళ్ళు కనిపిస్తారు, మారకుండా పోయినవాళ్ళు మనకు కనిపించరు. అందరినీ లెక్కలోకి తీసుకున్న పరిశోధనలు వేరే సంగతి చెబుతున్నాయి. 1993లో విలియం మిల్లర్ బృందం తాగుడు సమస్య ఉన్నవాళ్ళకు కౌన్సెలింగ్ ఇచ్చిన తీరును గమనించింది. కౌన్సెలర్ ఎంత ఎక్కువగా నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి తాగుడు అంత ఎక్కువగా ఉంది. 2013లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవాళ్ళు కొత్తగా మానినవాళ్ళను కెమెరా ముందు కూర్చోబెట్టి, చివరిసారి తాగి బాధపడిన సందర్భం చెప్పమన్నారు. మాటలకంటే ఒంటి తీరును చూశారు. భుజాలు వంగిపోయి, ఛాతీ ముడుచుకుపోయి, సిగ్గుతో కుంగినవాళ్ళు ఎవరో గుర్తించారు. కొన్ని నెలల తర్వాత చూస్తే మళ్ళీ తాగడం మొదలుపెట్టినవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. చేసిన పనికి బాధపడడం మనిషిని సరిదిద్దుకునే వైపు నడిపించవచ్చు. తన పుట్టుకే తప్పన్న సిగ్గు మాత్రం దాక్కోవడానికి చోటు వెతుక్కుంటుంది. ఆ చోటు ఎక్కడుందో వ్యసనపరుడికి బాగా తెలుసు.

మళ్ళీ జారడాన్ని ఎలా చూడాలో వైద్యం దగ్గర ఒక లెక్క ఉంది. వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ జారతారని అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతుంది. బీపీ రోగుల్లో, ఉబ్బసం రోగుల్లో చికిత్స తప్పి జబ్బు తిరగబెట్టేవాళ్ళు 50 నుంచి 70 శాతం. మాత్ర మానేసి బీపీ పెరిగిన మావయ్యను ఆస్పత్రికి తీసుకెళ్తాం, మందు మార్పిస్తాం, ఉప్పు తగ్గిస్తాం. జాతి చెడ్డదని అనం. మందులతో మానేవాళ్ళ పట్ల చిన్నచూపుకూ ఇదే జవాబు. నల్లమందు, హెరాయిన్ జాతి మత్తుకు బానిసలైనవాళ్ళలో, మెథడోన్ అనే మందుతో చికిత్సలో ఉన్నప్పటికంటే దాన్ని వదిలేసినప్పుడు చావులు దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. ఆ మాత్రలు వాడేవాణ్ణి 'నువ్వు మానినట్టు కాదు' అని తోటివాడు వెక్కిరిస్తే, అతను ఆ మాటకు మాత్ర మానేస్తే, ఆ మాట ఖరీదు ఒక ప్రాణం కావచ్చు. సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తకూడదని ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా తన కరపత్రంలో హెచ్చరించింది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. తాగి వచ్చి భార్యను కొట్టినవాడు, పిల్లల ఫీజు డబ్బు తాగేసినవాడు, వాణ్ణి కూడా ఏమీ అనకూడదా? అనాలి. చేసిన పనిని పని పేరుతో పిలవాలి. దెబ్బకు కేసు పెట్టాలి, డబ్బుకు లెక్క అడగాలి, ఇంట్లో భద్రత లేకపోతే బయటికి వెళ్ళాలి, లేదా అతన్ని బయటికి పంపాలి. నేను వద్దంటున్నది పనిని దాటి మనిషి మొత్తాన్ని కొట్టివేసే తీర్పును. ఈ తేడా మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. కొన్ని ఊళ్ళలో తాగివచ్చినవాళ్ళకు అవమానాలూ తప్పలేదు, నిజమే. కానీ ఉద్యమం దెబ్బ పడింది సారా దుకాణం మీద, సారా వేలంపాట మీద. మొగుణ్ణి తిట్టుకుంటూ ఇంట్లో కూర్చోకుండా, ఆ మొగుడి దాకా సరుకు వచ్చే దారిని మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండోది 1997లో ఎత్తేశారన్నది వేరే కథ. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్తను తాగుడుకే పోగొట్టుకున్నారు. తాగేవాళ్ళందరినీ అసహ్యించుకునే హక్కు ఆమెకు ఉందని ఎవరైనా ఒప్పుకుంటారు. 1980లో ఆమె ఆయన పేరు మీదే చికిత్సా సంస్థ మొదలుపెట్టారు, కుటుంబాన్ని కూడా చికిత్సలో భాగం చేశారు. ఆమె కోపానికి అలా ఒక పని దొరికింది.

మూడో అభ్యంతరం మానినవాళ్ళు తమలో తాము అనుకునేది. జారినవాడితో తిరిగితే నేనూ జారతాను, దూరంగా ఉండడం తప్పా? తప్పు కాదు. ఇవాళ తాగి ఉన్నవాడితో ఇవాళ కూర్చోవద్దు, అతని గదికి వెళ్ళొద్దు, అప్పు ఇవ్వొద్దు. అది జాగ్రత్త. జాగ్రత్తకూ తీర్పుకూ తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. జాగ్రత్త మన గురించి మాట్లాడుతుంది: 'నాకు ఇంకా ఆ బలం రాలేదు, అందుకని రాను.' తీర్పు అతని గురించి మాట్లాడుతుంది: 'వాడు ఎప్పటికీ మారడు.' మొదటి మాట రేపు అతను తేరుకుంటే మార్చుకోవచ్చు. రెండో మాట అతను తేరుకున్నా ఒప్పుకోదు. జవాబుదారీతనం కూడా ఇంతే. బృందంలో ఒకరు అబద్ధం చెబుతున్నారని తెలిస్తే విడిగా కూర్చుని, 'సోమవారం నువ్వు తాగినట్టు నాకు అనిపించింది, ఏం జరిగింది?' అని అడగవచ్చు. అడగడంలో జవాబుకు చోటుంది. పదిమంది ముందు 'నువ్వు మోసగాడివి' అంటే ఆ మనిషి చెయ్యగలిగింది రెండే, ఎదురు తిరగడం లేదా రాకుండా పోవడం.

మరి ఈ అలవాటు పోవడం ఎలా? తీర్పు మనసులోకి రాకుండా ఆపడం ఎవరివల్లా కాదు, అది మనం పిలవకుండానే వస్తుంది. వచ్చాక ఏం చెయ్యాలన్నది మన చేతిలో ఉంది. పక్కవాడిని చూసి ఒళ్ళు మండిన రోజున, అతని మీద కోపం ఎందుకొచ్చిందో రాత్రి కాగితం మీద రాసుకోవడం ఒక పద్ధతి. రాస్తే చాలాసార్లు బయటపడేది మన భయమే. అతను అప్పుల గురించి అబద్ధం చెప్పాడని చిరాకు పడ్డామంటే, మనం తీర్చని అప్పు ఒకటి ఉండి ఉంటుంది. రెండో పద్ధతి, 'ఎందుకు చేశాడు' అనే ప్రశ్నకు గుణం కాకుండా కనీసం మూడు కారణాలు వెతకడం. నిద్ర లేదా, పని పోయిందా, మందు ఆపేశాడా? మూడోది, తిరిగి వచ్చినవాణ్ణి పలకరించే తీరు. 'మళ్ళీనా?' అన్న మాటకూ 'వచ్చావు, కూర్చో' అన్న మాటకూ ఖర్చు ఒకటే, ఫలితం వేరు. ఇంకొకటి కూడా చెప్పాలి. తీర్పులు మానుకోవడం నేర్చుకుంటున్నవాళ్ళకు, తీర్పులు చెప్పేవాళ్ళ మీద తీర్పు చెప్పే జబ్బు పట్టుకుంటుంది. పెళ్ళిలో ఇంకా అనుమానంగా చూసే బాబాయి మీద, గ్లాసు వాసన చూసే అత్తగారి మీద కోపం వస్తుంది. వాళ్ళ అనుమానానికీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన పాత్రా ఉంది.

ఇదంతా కొద్దిమంది మధ్య గొడవ అనుకోవద్దు. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారు. మద్యానికి పూర్తిగా బానిసలైనవాళ్ళలో ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది గుమ్మం దాకా రాకపోవడానికి ఆస్పత్రులు లేకపోవడం ఒక కారణం, నలుగురూ ఏమంటారో అన్నది మరో కారణం. ఆ నలుగురిలో, నిన్నటిదాకా అదే జబ్బు పడినవాడి మాటకు విలువ ఎక్కువ. అతను పలకరిస్తే లోపలికి వస్తారు, అతను పెదవి విరిస్తే వెనక్కి పోతారు. డాక్టరుకు లేని ఆ బలం అతనికి ఉంది. వినేవాళ్ళలో సాయం కావాల్సినవాళ్ళు ఉంటే కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446, మనసు బాగోలేనప్పుడు టెలీమానస్ నంబరు 14416. ఇప్పటికే మానుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళకు నా విన్నపం ఒకటే. మీ పరిచయంలో, మానేసి మళ్ళీ మొదలుపెట్టి, సిగ్గుతో సమావేశాలకు రావడం ఆపేసిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. అతను తాగి లేని వేళ చూసుకుని, ఈ వారంలో ఒకసారి ఫోన్ చేసి, ఎప్పుడు వస్తున్నావని అడగండి.